చెయ్యి పెట్టని రొట్టె

ఆ ఉదయం మాస్టరమ్మ మొదటి ముక్క తినలేదు.

ఆ బేకరీలో అదొక ఆనవాయితీ. షట్టరు ఎత్తగానే, బట్టీలోంచి దిగిన మొదటి రొట్టెని దాన్ని చేసిన మాస్టరు అద్దాల కిటికీ దగ్గరికి తెచ్చి, వరసలో నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగా కోసి, మొదటి ముక్క తాను తినాలి. తిని తలూపాలి. ఆ తర్వాతే అమ్మకం. ఇప్పటి యజమాని తండ్రి పెట్టిన పద్ధతి అది. చేసిన మనిషి తినని తిండి పదిమందికి పెట్టకూడదనేవాడు ఆ పెద్దాయన. పెద్దాయన పోయాడు గాని పద్ధతి పోలేదు.

ఆమె రొట్టె కోసింది. ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుంది. పై పెచ్చుని వేలితో నొక్కి వదిలింది. అంతా బాగానే ఉంది. ముక్కని మళ్ళీ పలక మీద పెట్టేసి, ఏమీ జరగనట్టు తలూపింది.

వరసలో అందరికంటే ముందు ఎప్పుడూ గొడుగాయనే ఉంటాడు. వాన ఉన్నా లేకపోయినా చంకలో గొడుగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఏంటి మాస్టరమ్మా, తినలేదేం?"

"బాగుందండీ. తీసుకోండి."

"బాగుంటే తినాలిగా?"

ఆమె పలక మీది ముక్కల్ని సర్దింది. గొడుగాయన కాసేపు చూసి, ఇవాళ్టికి బిస్కెట్లు చాలన్నాడు. ఆయన వెనకావిడ కూడా బిస్కెట్లే అంది. ఇక చెప్పేదేముంది, పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఈస్టు పాడయిందని ఒకరు, పిండిలో పురుగు పడిందని ఇంకొకరు, మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా తలా ఒక మాట వేసింది. మొదటి వాయి సగం అలమరలోనే ఉండిపోయింది.

యజమానిని అందరూ చినబాబు అనే పిలుస్తారు. నలభై దాటి, బొజ్జ వచ్చి, జుట్టు పల్చబడ్డా చినబాబే. అతను ఆమెని వెనక గదిలోకి పిలిచాడు. పిండి బస్తాల మధ్య ఇద్దరూ నిలబడ్డారు.

"ఏమైంది మాస్టరమ్మా?"

"డాక్టరమ్మ రొట్టె మానెయ్యమంది బాబూ. షుగరు బాగా ఎక్కువుందట."

"ఒక్క ముక్కే కదా. ఒక్క ముక్కతో ఏమవుతుంది?"

ఆమె చీర కుచ్చిళ్ళు కాస్త పైకి తీసి కాలు చూపించింది. పిక్క మీద వేలంత పొడుగున ఎర్రగా కమిలి ఉంది. "వేడి ట్రే తగిలింది. ఎప్పుడు తగిలిందో నాకు తెలీదు. రాత్రి స్నానానికి కూర్చుంటే కనబడింది. కాలితే కాలిందని తెలియని కాలు బాబూ ఇది. ఒక్క ముక్క అనుకుంటూ రోజూ తిన్నదే ఇంతదాకా తెచ్చింది. ఇక తినను."

చినబాబు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకి ఇంత బాధ ఉండేది కాదు, ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేసి ఉండేది. అతను తల గోక్కున్నాడు, గోడ వైపు చూశాడు, చివరికి గోడతోనే చెప్పినట్టు చెప్పాడు.

"మాస్టరు తినకపోతే ఊరు కొనదు. ఇవాళ చూశారుగా. సోమవారం నుంచి కొత్తాయన్ని రమ్మంటాను. మీరు ప్యాకింగులో కూర్చోండి. హాయిగా నీడపట్టున పని."

"సంచులు తొడగమంటారా?"

"జీతంలో ఏం తేడా ఉండదు."

జీతం సంగతి ఎవరడిగారు! పొద్దున్నే పిండి ముద్దని బల్ల మీద దబ్బున వేసినప్పుడు వచ్చే చప్పుడు, బట్టీ తలుపు తీయగానే ముఖానికి కొట్టే సెగ, పొంగిన రొట్టె అడుగున వేలితో తడితే డప్పులా పలికే ఆ పలుకు, ఇవన్నీ ఆమె బతుకు. రోగం వచ్చిందని బాధపడుతున్న మనిషిని పనిలోంచి కూడా లేపడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆమె కళ్ళొత్తుకోలేదు. ఏప్రను విప్పి మేకుకి తగిలించి, ఆదివారం దాకా బట్టీ నాదే కదా అని మాత్రం అడిగింది. అతను తలూపాడు.

ఇంటికి నడుస్తుంటే దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చేసింది. నేను తినగల రొట్టె ఈ లోకంలో లేకపోతే నేనే చేస్తాను. చేసి, ఆ కిటికీ దగ్గరే నిలబడి తింటాను.

ఇంట్లో ముందు గదంతా కుట్టుపనే. ఒక మిషను మీద ఆమె భర్త, ఇంకో మిషను మీద కోడలు. కొడుకు లారీ మీద తిరుగుతాడు, వారానికోసారి కనబడతాడు. టైలరుగా పేరున్నవాడు కాబట్టి భర్తకి చేతితో పాటు నోటిలోనూ కత్తెర ఉండేది. కోడలికి మాత్రం ఏ పనీ ఒక్క పట్టున పూర్తయ్యేది కాదు. కాజాలు సగం కుట్టి పాలు చూడ్డానికి లేచేది, పాలు పొంగకముందే కొలతలకి ఎవరో పిలిస్తే వెళ్ళేది. మాస్టరమ్మ ఆమెకి సగంపని అని పేరు పెట్టింది. ప్రేమగా పెట్టానని అనుకునేది. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా కోడలు తల వంచుకునేది. అది ఆమె ఎప్పుడూ గమనించలేదు.

మొదటిరోజు కాలీఫ్లవరుతో మొదలుపెట్టింది. తురిమి, ఉడికించి, బట్టలో వేసి పిండి, గుడ్డు కలిపి కాల్చింది. తీసి చూస్తే తడిబట్టలా చేతిలో వేలాడింది.

"ఆరేస్తే రేపటికి ఇస్త్రీ చేసుకోవచ్చు," అన్నాడు టైలరు.

తర్వాత గుడ్ల తెల్లసొన నురగలా గిలక్కొట్టి, పచ్చసొన కలిపి చేసింది. పొయ్యిలో ఉన్నంతసేపూ ఠీవిగా లేచింది. బయటికి తియ్యగానే ఉస్సూరని కూలబడింది.

"ఆమ్లెట్టే. పేరు మార్చుకుని వచ్చింది," అన్నాడు టైలరు.

కొబ్బరిపిండి రొట్టె నోట్లో ఇసకైంది. అవిసెగింజల రొట్టెని కోడలు కత్తితో కోయబోతే కత్తి పిడి ఊడొచ్చింది. టైలరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గాలికి కొట్టుకుంటున్న తలుపు కింద పెట్టి, ఇన్నాళ్ళకి ఈ తలుపుకి ఆనిక దొరికిందన్నాడు. కోడలికి నవ్వు ఆగలేదు. మాస్టరమ్మ కూడా నవ్వింది గాని, చెంగుతో ముఖం తుడుచుకునే మిషతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. రొట్టె బదులు పాలకూర ఆకుల్లో కూర చుట్టుకుని తినమని డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం అలాగే తింది. కడుపు నిండింది. ఆకలి వేరు, రొట్టె వేరు.

శుక్రవారానికి లెక్క కుదిరినట్టే కనబడింది. బాదంపప్పు పొడి, కొంచెం అవిసె పొడి, గుడ్ల తెల్లసొన, ఇసబ్‌గోల్ పొట్టు, బేకింగు పౌడరు, రెండు చుక్కల వెనిగరు. బంక లేని పిండికి ఆ పొట్టే బంకవుతుందని డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సు చెప్పింది. మాస్టరమ్మ చీర చెంగు దోపుకుంది. బల్ల తుడిచింది. ముద్దని బల్ల మీద వేసి, అరచేతి మొదలుతో ముందుకి నెట్టి, మడిచి, తిప్పి, మళ్ళీ నెట్టింది. భుజం నుంచి వేళ్ళ దాకా ఒకే ఊపు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతులకి తెలిసింది అదొక్కటే. ఎంత పిసికితే అంత పొంగు. ముద్ద నిగనిగలాడింది. చేతులు జిడ్డయ్యాయి. ఇంకా పిసికింది.

రొట్టె ఎత్తు లేదు. అడుగున నూనె కక్కింది. కోస్తే లోపల సబ్బు బిళ్ళలా గట్టిగా ఉంది.

"బాదం పాతది," అంది ఆమె. కాసేపాగి, "ఈ చిన్న ఓవెన్‌లో సెగ చాలదు," అంది. ఇంకాసేపాగి, పొట్టు నాసిరకం అంది.

"ఆడలేక మద్దెల ఓడని," అని మొదలుపెట్టాడు టైలరు. ఆమె చూసిన చూపుకి సామెత సగంలోనే మింగేశాడు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని ఆమె చాలాసేపు ఏమీ తినలేదు. "సంచులు తొడగడం నేర్చుకోవాలి ఇక," అంది. టైలరు ఈసారి జోకు వెయ్యలేదు. ఆమె కంచంలో కూర వడ్డించి, తినమన్నట్టు కంచాన్ని ముందుకి జరిపాడు.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ బాదంపప్పు పొడి కొట్టింది. తెల్లసొన నురగ తీసింది. అన్నీ గిన్నెలో పడేలోపు బేకరీ నుంచి కబురొచ్చింది, సాయంత్రం వాయికి పిండి పొంగడం లేదు, ఒకసారి వచ్చి చూడమని. ఆమె చెప్పులు వేసుకుంటూనే కోడలికి చెప్పింది.

"అమ్మాయ్, ఆ గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి కలిపి ఉంచు. నేనొచ్చి పిసుకుతాను. పూర్తిగా కలుపు, సగంలో వదిలెయ్యకు!"

బేకరీలో పని తేలడానికి సాయంత్రమైంది. ఈస్టుని మరీ వేడి నీళ్ళలో వేసి చంపేశారు. ఆమె కొత్తగా నానబెట్టి, మళ్ళీ కలిపి, పొంగు మొదలయ్యేదాకా చూసి బయల్దేరింది.

ఇంటి మలుపు తిరిగేసరికి వాసన తగిలింది. కాలుతున్న రొట్టె వాసన. ఆమె నడక పరుగైంది.

"ఎవరు పెట్టారు పొయ్యిలో? పిసక్కుండా ఎవరు పెట్టమన్నారు?"

కోడలు మిషను మీంచి లేచి నిలబడింది. "నేనే అత్తయ్యా. చేతికి అంటుకుంటోందని చెంచాతో తిప్పాను. ఇంతలో పిల్లల యూనిఫాం కొలతలకి వచ్చారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే గిన్నెలో కాస్త ఉబ్బి, బిగుసుకుని ఉంది. పాడైపోతుందేమోనని అలాగే అచ్చులోకి జార్చి పెట్టేశా."

"అసలు చెయ్యే పెట్టలేదా?"

"లేదు అత్తయ్యా."

"సగంపనీ! సగంపనీ!" అని ఆమె తల పట్టుకుంది. మూడు గుడ్లు, గిన్నెడు బాదంపప్పు, మిగిలిన ఒక్క సాయంత్రం, అన్నీ గంగపాలయ్యాయనుకుంది. కోపంగానే ఓవెన్ తలుపు తీసింది.

రొట్టె అచ్చు అంచు దాటి లేచి ఉంది. పైన ముదురు గోధుమరంగు పెచ్చు, మధ్యలో పొడుగ్గా ఒక పగులు. పొంగిన రొట్టెకే అలాంటి పగులు పడుతుంది.

ఆమె అచ్చు తిరగేసింది. అడుగున వేలితో తట్టింది. గోధుమ రొట్టెంత గట్టిగా పలకలేదు గాని, పలికింది. చల్లారేదాకా ఆగలేని పిల్లలా రెండుసార్లు కత్తి పట్టుకుని రెండుసార్లు కింద పెట్టింది. చివరికి కోసింది. లోపల చిన్న చిన్న గదులు, తేనెపట్టులో లాగా. ముక్కని వంచింది. వంగింది, విరగలేదు. వెన్న రాస్తే చిరగలేదు.

నోట్లో పెట్టుకుంది. పెచ్చు కరకరలాడింది. లోపల మెత్తగా, కొంచెం కమ్మగా ఉంది. ఆమెకి ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు. నిలబడే, వంటింటి మధ్యలో, నములుతూ ఏడ్చింది.

"బాగుందా, బాగోలేదా? ఏదో ఒకటి తేల్చు," అన్నాడు టైలరు, తనూ ఒక ముక్క అందుకుంటూ.

"విరిగి నేతిలో పడిందయ్యా మన రొట్టె!"

సంగతేమిటో తనంతట తనే పట్టుకోవాలని వెంటనే ఇంకో వాయి కలిపింది. నీళ్ళు పోసి చెంచాతో తిప్పడం అయ్యిందో లేదో, చెయ్యి దానంతట అదే గిన్నెలోకి దిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారే, అలా. రెండు నొక్కులు నొక్కేసరికి వేళ్ళ మధ్య బాదం నూనె మెరిసింది. కోడలు వచ్చి గిన్నె లాక్కుంది. అత్తగారి చేతిలోంచి గిన్నె లాక్కోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

అప్పుడు తెలిసింది మాస్టరమ్మకి. గోధుమపిండికి దెబ్బలు కావాలి, అదిమితేనే దానికి బలం. ఈ పిండిని అదిమితే ఉన్న నురగ చస్తుంది, నూనె బయటికి కక్కుతుంది. దీనికి కావలసింది కాసేపు వదిలెయ్యడం. పొట్టు తన పాటికి తాను నీళ్ళు తాగి బిగుసుకుంటుంది. నిన్నటి రొట్టెని పాడుచేసింది పప్పూ కాదు, పొయ్యీ కాదు, తన పనితనం.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ తనే నడిపిస్తూ వచ్చింది. పనిలోంచి తనని లేపారని వారమంతా కుమిలింది గాని, ఈ పిల్లని ఏ పనిలోనూ కుదురుగా నిలబడనివ్వనిది తన నోరేనని ఇప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"అమ్మాయ్, నిన్ను ఆ పేరుతో పిలిచాను. ఇంకెప్పుడూ పిలవను. తప్పు నాది," అంది.

కోడలు గిన్నె మీద మూత పెడుతూ, "పర్లేదత్తయ్యా. సగం పనికి సగం తిట్టే కదా తిన్నాను," అంది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో మాస్టరమ్మ నవ్వే ఆలస్యంగా ఆగింది.

ఆదివారం తెల్లవారేసరికి కోడలు మూడు రొట్టెలు చేసి, బట్టలో చుట్టి, అత్తగారి వెంట బేకరీకి తెచ్చింది. చినబాబు ఒకటి విప్పి చూశాడు. ముక్క కోసి తిన్నాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"అచ్చం మన రొట్టెలాగే ఉంది! ఇంకేం మాస్టరమ్మా, కిటికీ దగ్గర ఇదే కోసుకుని తినండి. చూసేవాళ్ళకి తేడా తెలీదు. కొత్తాయన్ని రావద్దంటాను. అంతా ఎప్పటిలాగే."

ఆమె కోరుకున్నది కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. తలూపితే చాలు, బట్టీ తనది. ఆమె ఏప్రను కట్టుకుని, ముడి బిగించింది.

"చెప్పే తింటాను బాబూ."

"చెప్తే కొనరు మాస్టరమ్మా. మాస్టరుకే పడని రొట్టె అంటారు. అప్పుడు నేనేం చెయ్యలేను."

"సంచుల దగ్గర కూర్చుంటాను. మీ నాన్నగారు తినమన్నది చూసేవాళ్ళ కోసం కాదు, నిజం కోసం."

షట్టరు లేచింది. ఆదివారం కాబట్టి వరస వీధి చివరిదాకా ఉంది. ముందు గొడుగాయనే. ఆమె కిటికీ దగ్గర పలక మీద రెండు రొట్టెలు పక్కపక్కన పెట్టింది. గోధుమ రొట్టె అడుగున తట్టింది, అది డప్పులా పలికింది. కోసింది. అందరికీ వినబడేలా చెప్పింది.

"నాకు షుగరు. ఈ రొట్టె నేను తినకూడదు. అందుకే ఈ వారమంతా తినలేదు, రొట్టెలో ఏ లోపమూ లేదు. ఇది బాగా కాలింది, చప్పుడు విన్నారుగా. మొదటి ముక్క ఇవాళ మీలో ఒకరు తిని చెప్పండి. ఈ రెండోది బాదంపప్పుదీ గుడ్లదీ. నేను తినేది ఇది."

గోధుమ ముక్క గొడుగాయన చేతిలో పెట్టింది. బాదం ముక్క తన నోట్లో పెట్టుకుంది. ఇద్దరూ అద్దానికి అటూ ఇటూ నిలబడి నమిలారు. వరసలో వెనకవాళ్ళు మెడలు సాచి చూశారు. గల్లాపెట్టె దగ్గర చినబాబు కుక్కిన పేనులా కూర్చున్నాడు.  ఆమె మాత్రం తొందరపడకుండా నమిలింది.

గొడుగాయన మింగాడు. నిదానంగా తలూపాడు. ఆ తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"బ్రహ్మాండంగా ఉంది. కాని నేనిది తిన్నట్టు మా ఆవిడతో అనకండి. నాకూ డాక్టరు మానెయ్యమన్నాడు. ఆ రెండోది అమ్ముతారా?"

వెనకనుంచి ఒక టీచరమ్మ ముందుకొచ్చింది. "ఏడాదిగా పిల్లల కోసం కొంటున్నాను, నేను ముట్టుకోలేదు. సంచీలో వాసన చూసుకుంటూ ఇంటికి పోతాను. నాకు సగం ఇచ్చినా చాలు," అంది. ఆ వెనక మనిషి తన తల్లికోసం అడిగాడు. ఆ పక్కాయన తనకే అన్నాడు, సిగ్గుపడుతూ. ఇన్నాళ్ళూ ఈ వరసలో తాము తినని రొట్టె కోసం నిలబడ్డవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఎవరికి తెలుసు! మూడు బాదం రొట్టెలూ ముక్కలు ముక్కలుగా వెళ్ళిపోయాయి. గోధుమ రొట్టె అలమర కూడా ఖాళీ అయింది. నిజం చెప్పే మాస్టరు చేసిందాన్ని ఎవరు వద్దంటారు?

చినబాబు కిటికీ దగ్గరికి వచ్చాడు. ముఖం చూపించడానికి కాస్త మొహమాటపడ్డాడు.

"మాస్టరమ్మా, రేపు వచ్చే కొత్తాయనకి ఏం చెప్పమంటారు?"

"రమ్మనండి బాబూ. సంచులు తొడగడానికి ఎవరో ఒకరు కావాలిగా!"

అతను నవ్వేశాడు. వెంటనే వ్యాపారం గుర్తొచ్చింది. "సరే, రేపటికి ఈ బాదం రొట్టెలు ఎన్ని చేస్తారు?"

"నన్నడుగుతారేం?" అంది మాస్టరమ్మ. పక్కకి జరిగి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కోడలిని చెయ్యి పట్టుకుని కిటికీ ముందుకి, వరసలో అందరికీ కనబడేలా తెచ్చి నిలబెట్టింది. "ఈ రొట్టెకి మాస్టరు మా అమ్మాయి. ఆమెనడగండి."

కోడలు వీధి వైపు చూసింది, ఖాళీ పలక వైపు చూసింది, అత్తగారి చేతుల వైపు చూసింది. ఈసారి తల వంచుకోలేదు.

"అత్తయ్య చెయ్యి పెట్టనంటే, ఎన్నైనా చేస్తానండీ."